లండన్ ఆర్బిట్రేషన్, కాకినాడ యాంకరేజ్: ఒక డెమరేజ్ కేసులో నా అనుభవం

బియ్యం ఓడ మీద డెమరేజ్ బిల్లు, అంటే లోడింగ్‌కు ఇచ్చిన గడువు దాటినందుకు ఓడ యజమాని అడిగే సొమ్ము, రావడం కాకినాడలో కొత్త సంగతి కాదు. చాలామంది బ్రోకర్‌ని మధ్యలో పెట్టుకుని బేరమాడి, ఎంతకు తెగితే అంతకు కట్టేసి ఊరుకుంటారు. మాకు అలా తెగలేదు. 2022 సెప్టెంబరులో లోడ్ చేసిన ఓడ మీద మొదలైన గొడవ 2023 నవంబరులో లండన్ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తగాదా తేల్చే పద్ధతి) అవార్డుతో, అంటే ఆ మధ్యవర్తి తీర్పుతో, ముగిసింది. ఆ రోజుల్లో ఎవరిని కదిపినా "లండన్ అంటే ఆస్తులు కరిగిపోతాయండి" అన్నారే తప్ప, అసలు ఏం జరుగుతుందో, ఏ కాగితం అడుగుతారో, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పినవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను. ఓడ పేరు, దాని యజమానుల పేరు, సరుకు కొన్నవాళ్ళ పేరు రాయను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తాను.

మాది నాన్నగారు మొదలుపెట్టిన బియ్యం ఎగుమతి సంస్థ. ఓడల వ్యవహారం, కాగితాలు నేను చూసుకుంటాను. ఈ ఓడకు మాట్లాడుకున్నది 22,500 టన్నుల తెల్ల బియ్యం, 50 కిలోల బస్తాలు, కాకినాడ నుంచి బెనిన్ దేశంలోని కొటోనూకు. చార్టర్ పార్టీ, అంటే ఓడ అద్దె ఒప్పందం, జెన్‌కాన్ 1994 అనే అచ్చు ఫారం, దాని వెనకాల అదనపు షరతులు, వాటినే రైడర్ క్లాజులు అంటారు. లోడింగ్ రేటు వాతావరణం అనుకూలించిన రోజుకు 1,500 టన్నులు, ఆదివారాలు, సెలవులు కూడా లెక్కే. అంటే మాకిచ్చిన లోడింగ్ గడువు, దాన్నే లేటైమ్ అంటారు, 15 రోజులు. దాటితే రోజుకు 14,000 డాలర్ల డెమరేజ్. ఇంకొక చిన్న సంగతి: ఆ ఫారంలో 25వ గడి ఒకటి ఉంటుంది. అక్కడ రాసిన మొత్తానికి లోపు ఉన్న తగాదా లండన్ మారిటైమ్ ఆర్బిట్రేటర్స్ అసోసియేషన్ వారి స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో తేలుతుంది. మా బ్రోకర్ గారు ఆ గడి ఖాళీగా వదలరు, లక్ష డాలర్లు అని వేయించారు. ఆయన చేసిన ఆ పని విలువ ఏడాది తర్వాత నాకు తెలిసింది.

యాంకరేజ్‌లో లోడింగ్ ఎలా ఉంటుందో కాకినాడ వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్ళకు ఒక మాట. ఓడ రేవు గోడకు ఆనుకోదు, బయట సముద్రంలో లంగరేసి నిలబడుతుంది. కాలవ ఒడ్డున బస్తాలు బార్జీల్లోకి ఎక్కించి, వాటిని ఓడ దగ్గరకు తీసుకెళ్ళి, ఓడ క్రేన్లతోనే పైకి లాగుతారు. కాబట్టి ఓడ మీద చినుకు పడకపోయినా బయట కెరటం లేస్తే బార్జీ కదలదు. మా కేసులో సగం ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

ఓడ 2022 ఆగస్టు 29, సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, లోడింగ్‌కు సిద్ధంగా ఉన్నానని చెప్పే నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇచ్చింది. మధ్యాహ్నంలోపు ఇచ్చారు కాబట్టి ఒంటిగంట నుంచే గడియారం మొదలు. 31న వినాయక చవితి, జట్టు కూలీలు రారు, ఆ రోజు మా ఖాతాలోనే పోయింది. సెప్టెంబరు 3న రెండో నంబరు క్రేను ఆగిపోయి 5 దాకా, నలభై ఎనిమిది గంటలు, పని చేయలేదు. మధ్యలో వానలకు హాచ్‌లు, అంటే ఓడలో సరుకు అరల మూతలు, మూసిన గంటలు అన్నీ కలిపి ముప్ఫై ఆరు. ఇంతవరకు ఏ ఓడలోనైనా జరిగేదే.

సెప్టెంబరు 8 రాత్రి ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. మరునాటి నుంచి నూకల ఎగుమతి నిషేధం, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం. ఉప్పుడు బియ్యానికి మినహాయింపు, మాది ఉప్పుడు బియ్యం కాదు. కస్టమ్స్‌లో సుంకం లెక్క, సరుకు ఎగుమతికి అనుమతించే లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ ఇచ్చిన తేదీని బట్టి ఉంటుంది. మాకు మిగిలిన సరుకులో చాలా భాగానికి ఆ ఆర్డర్ ఇంకా రాలేదు. కొనుగోలుదారు ఒక్క డాలరు కూడా పెంచనన్నాడు. 9 నుంచి 12 వరకు మూడు రోజులు లోడింగ్ పూర్తిగా ఆగింది. కాలవ దగ్గర బస్తాలతో నిండిన బార్జీలు, ఎదురుగా మాదిలాగే నిలబడిపోయిన ఇంకా కొన్ని ఓడలు. నాన్నగారు ఆ మూడు రాత్రులూ ఆఫీసులోనే ఉన్నారు. చివరకు సుంకంలో ఎక్కువ భాగం కొనుగోలుదారు భరించడానికి ఒప్పుకున్నాక పని మళ్ళీ మొదలైంది. ఆ నష్టం కథ వేరే.

ఆ వెంటనే 13, 14 తేదీల్లో గాలి, కెరటం. ముప్ఫై గంటలు బార్జీలు బయటకు వెళ్ళలేదు. 18న మళ్ళీ అలాగే పద్నాలుగు గంటలు. సెప్టెంబరు 21 సాయంత్రం ఏడింటికి ఆఖరి బస్తా ఎక్కింది.

ఆ సాయంత్రమే, ఏ రోజు ఏ గంటకు ఏం జరిగిందో రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ మీద సంతకాలు. ఏజెంటు తయారు చేసిన కాగితంలో 13, 14 తేదీల ఎదురుగా "బార్జీలు లేవు" అని మాత్రమే ఉంది. ఎందుకు లేవో లేదు. చదివినవాడికి మేము బార్జీలు పెట్టలేకపోయామనే అర్థమవుతుంది. ఓడ బయలుదేరాలి, పైలట్ వస్తున్నాడు, త్వరగా పెట్టండి అని తొందర. మా స్టీవ్‌డోర్ (ఓడలోకి సరుకు ఎక్కించే కాంట్రాక్టరు) సూపర్‌వైజర్ గారు ఓడ మీదున్నారు. నేను ఫోన్లో "కింద చేత్తో రాయండి, గాలి, కెరటం వల్ల బార్జీ రాకపోకలు ఆగాయి, ఓడ లెక్కకు మేము ఒప్పుకోవడం లేదు అని రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి" అన్నాను. ఆయన రాశారు. చీఫ్ ఆఫీసరు దాని పక్కన, అందినట్టు మాత్రమే అని రాసి సంతకం చేశాడు. ఆ రెండు వరుసల చేతిరాతకు తర్వాత మా పాతిక పేజీల వాదన కన్నా ఎక్కువ బరువు దొరికింది.

నవంబరు 14న బ్రోకర్ ద్వారా బిల్లు వచ్చింది. వాళ్ళ లెక్కలో వాన గంటలు తప్ప ఇంకేమీ తీసేయలేదు. లేటైమ్ సెప్టెంబరు 15 తెల్లవారుజామున ఒంటిగంటకు అయిపోయింది, అక్కడి నుంచి 21 సాయంత్రం ఏడు దాకా ఆరు రోజుల పద్దెనిమిది గంటలు, మొత్తం 94,500 డాలర్లు. అప్పటి మారకంలో డెబ్భై ఆరు లక్షల పైచిలుకు.

మా లెక్క మేము వేశాం. కెరటం గంటలు నలభై నాలుగు, నాలుగు క్రేన్లలో ఒకటి ఆగినందుకు నాలుగో వంతు కింద పన్నెండు, ప్రభుత్వ ఉత్తర్వు వల్ల లోడింగ్ ఆగితే అన్న రైడర్ క్లాజు కింద సుంకం గొడవలో ఆగిన డెబ్భై రెండు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ముప్ఫై నాలుగు గంటలు, అంటే 19,833 డాలర్లు. రెండు లెక్కల మధ్య ఎంత దూరమో చూడండి. ఓడ ఒకటే, గడియారం ఒకటే.

2023 మార్చి దాకా ఈమెయిళ్ళు నడిచాయి. మేము 40,000 అన్నాం. వాళ్ళు 85,000 దగ్గర ఆగిపోయారు, ఇక దిగలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఏ కబురూ లేదు. వదిలేశారేమో అని నాన్నగారన్నారు. వదల్లేదు.

జూన్ 19న సాయంత్రం ఓడ యజమానుల తరఫు లండన్ సొలిసిటర్ల (లాయర్ల) నుంచి నోటీసు వచ్చింది. ఆర్బిట్రేషన్ మొదలుపెడుతున్నాం, ముగ్గురి పేర్లు ఇస్తున్నాం, పద్నాలుగు రోజుల్లో ఒకరిని ఒప్పుకోండి, లేకపోతే అసోసియేషన్ ప్రెసిడెంట్ గారిని నియమించమని అడుగుతాం అని. ఆ ఈమెయిలు చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. లండన్‌లో కేసు అనగానే మనసు కోర్టు మెట్లు, విగ్గులు, గంటకు వందల పౌండ్లు ఇవన్నీ ఊహించుకుంటుంది. తెలిసినవాళ్ళొకరు "అసలు జవాబే ఇవ్వకండి, ఇక్కడ మిమ్మల్నేం చేస్తారు" అని సలహా ఇచ్చారు. దయచేసి ఆ సలహా ఎవరూ వినొద్దు. జవాబివ్వకపోయినా ఆర్బిట్రేషన్ ఆగదు, అవతలివాళ్ళు చెప్పిందొక్కటే విని అవార్డు వస్తుంది. ఆ అవార్డు బ్రిటన్‌లోనే ఉండిపోదు. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం కింద వచ్చిన విదేశీ అవార్డుల్ని మన 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం ప్రకారం హైకోర్టులో అమలు చేయించుకోవచ్చు. కాకినాడ వాళ్ళకు ఆ హైకోర్టు అమరావతిలోనే ఉంది.

చెన్నైలో ఓడల కేసులు చూసే లాయరు మేడమ్ ఒకరు ఒప్పుకున్నారు. ఆవిడ మొదటి ఫోన్లో అన్న మాట నాకు ఊపిరి పోసింది: "ఇది స్మాల్ క్లెయిమ్స్ అమ్మా. హియరింగ్ ఉండదు. లండన్ వెళ్ళక్కర్లేదు. అంతా కాగితాల మీదే. నీ దగ్గరున్న కాగితాలన్నీ నాకు పంపు, వాదన సంగతి తర్వాత చూద్దాం."

ముగ్గురి పేర్లలో ఒకరిని ఒప్పుకున్నాం. ఓడల చార్టరింగ్‌లోనే జీవితమంతా పనిచేసి ఆర్బిట్రేటర్ అయినాయన. లాయర్ కన్నా లేటైమ్ లెక్కలు వేసిన మనిషైతేనే కెరటం, బార్జీ అర్థమవుతాయని మేడమ్ అన్నారు. జూలై 11న ఆయన ఒప్పుకున్నట్టు ఈమెయిలు. ఈ పద్ధతిలో ఆర్బిట్రేటర్ ఫీజు ముందే ఖరారైన మొత్తం, కేసు వేసినవాళ్ళు మొదట్లోనే కట్టాలి. చివరికి అది ఎవరి నెత్తిన పడుతుందన్నది అవార్డులో తేలుతుంది.

జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతినే ప్రభుత్వం నిషేధించింది. నాలుగు రోజుల తర్వాత, 24న, అవతలివాళ్ళ క్లెయిమ్ వచ్చింది. అంటే పాత సంవత్సరం సుంకం మీద జవాబు రాయాల్సిన రోజుల్లోనే మా వ్యాపారం మొత్తం ఆగిపోయి ఉంది. గోడౌన్లో సరుకు, మిల్లర్లకు ఇవ్వాల్సిన డబ్బు, పైన ఇది. ఆగస్టు నెల ఎలా గడిచిందో ఇప్పుడు తలుచుకున్నా గుండె బరువెక్కుతుంది. నాన్నగారు ఒకరాత్రి "అమ్మాయ్, అడిగింది ఇచ్చేద్దామా" అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందెప్పుడూ వినలేదు. నేను కెరటం గంటల కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. చూసి, సరే కానివ్వు అన్నారు.

జవాబుకు గడువు ఇరవై ఎనిమిది రోజులు, అంటే ఆగస్టు 21. ఎక్కువ అనిపిస్తుంది కానీ కాగితాలు పోగేయడానికే మూడు వారాలు పోతాయి. జరిగి ఏడాది దగ్గరపడింది. స్టీవ్‌డోర్ దగ్గరున్న, బస్తాలు లెక్క రాసే టాలీ షీట్లు, క్రేను ఆగిన రోజు ఓడకు అభ్యంతరం చెబుతూ ఇచ్చిన లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్, రేవు ఆఫీసులో గాలి, హెచ్చరికలు రాసే లాగ్ నకలు, వాతావరణ శాఖ రికార్డు, ఫొటోలు, వాట్సాప్ సందేశాలు. రేవు ఆఫీసు నకలుకు దరఖాస్తు పెట్టిన పదకొండో రోజున కాగితం చేతికొచ్చింది. ఎంత తిరిగినా అంతకన్నా ముందు రాలేదు.

అన్నిటికన్నా విలువైన కాగితం నేను ఊహించని చోట దొరికింది. బార్జీ నడిపే సరంగు బాబాయ్ ఒక నోటు పుస్తకం రాస్తాడు. ట్రిప్పుకింత అని బార్జీ యజమానితో లెక్క ఉంటుంది కాబట్టి ఏ రోజు ఎన్ని గంటలకు కాలవ దాటాడు, ఓడ దగ్గర ఎప్పుడు కట్టాడు, ఎప్పుడు తిరిగొచ్చాడు అన్నీ అందులో ఉంటాయి. సెప్టెంబరు 13 పేజీలో తెలుగులో, పెన్సిలుతో: "ముఖం (కాలవ సముద్రంలో కలిసే చోటు) దగ్గర కెరటం ఎక్కువ. వెనక్కి తిప్పేశాం. పోర్టు వాళ్ళు ఆపమన్నారు." పక్కన టైము. 14 మధ్యాహ్నం దాకా ట్రిప్పు లేదు. నేను వెళ్ళి అడిగితే ఆయన "అమ్మగారూ, ఈ పుస్తకం లండన్ దొరగారు చూస్తారా" అని నమ్మలేనట్టు చూశాడు. చూశారు బాబాయ్. ప్రతి పేజీ స్కాన్ చేసి, ఇంగ్లీషు అనువాదం చేయించి, అనువాదకుడి ధ్రువీకరణతో సహా పంపాం. రేవు లాగ్‌లో ఉన్న టైముకూ సరంగు రాసిన టైముకూ ఇరవై నిమిషాలే తేడా.

అవతలివాళ్ళ వాదన గట్టిగానే ఉంది. కెరటం అంటే వాతావరణం కాదు, సముద్రం స్థితి అన్నారు. దానికి 1958 నాటి ఒక ఇంగ్లండ్ కోర్టు తీర్పు చూపించారు. కలకత్తాలో హుగ్లీ నదిలోకి పోటుతో ఎదురెక్కి వచ్చే బోర్ అలకు భయపడి ఓడను కట్టిన చోటి నుంచి తప్పిస్తే, ఆ పోయిన సమయం చెడు వాతావరణం కిందకు రాదన్న కేసు అది. మన పక్క రేవు కేసును తెచ్చి మన మీదే పెట్టారు. మేడమ్ జవాబు సూటిగా ఉంది: బోర్ అనేది చంద్రుడితో వచ్చే ఆటుపోటు వ్యవహారం, మాది గాలితో లేచిన కెరటం, ఆ గాలి రేవు లాగ్‌లో నమోదైంది, కాకినాడ యాంకరేజ్‌లో బార్జీ తప్ప ఇంకో దారి లేదని ఓడ యజమానికి చార్టర్ పార్టీ రాసుకునే రోజే తెలుసు.

క్రేను మీద వాళ్ళ పాయింటు ఇంకా నిశితమైనది. జెన్‌కాన్ ప్రకారం క్రేను ఆగితే, ఆ సమయంలో అవసరమైన క్రేన్లెన్నో చూసి, ఆ నిష్పత్తిలోనే సమయం తీసేయాలి. మీకు ఆ రోజుల్లో మూడు జట్లే ఉన్నాయి, నాలుగో క్రేనుతో పనే లేదు అన్నారు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. జట్ల బుకింగ్ కాగితం దొరకకపోతే ఆ పన్నెండు గంటలు పోయినట్టే. కూలీల సంఘానికి ఎన్ని జట్లు కావాలో రాసి రోజువారీ ఇండెంటు ఇస్తారు కదా అని స్టీవ్‌డోర్ గారికి తట్టింది. వెతికితే సెప్టెంబరు 3, 4, 5 తేదీలకు నాలుగేసి జట్లు అడిగినట్టు మూడు చీటీలు బయటపడ్డాయి.

వాళ్ళ ప్రత్యుత్తరం సెప్టెంబరు 11న వచ్చింది. తర్వాత ఆర్బిట్రేటర్ గారు రెండే ప్రశ్నలు వేశారు. నాలుగో జట్టుకు రుజువేమిటి? 9 నుంచి 12 వరకు లోడింగ్ చేయకూడదని ఏ అధికారైనా రాతపూర్వకంగా చెప్పారా? ఆయన ఈమెయిళ్ళు రెండు మూడు వాక్యాలు దాటవు. మర్యాదగా ఉంటాయి, ఎటు మొగ్గుతున్నారో అస్సలు తెలియనివ్వవు. మొదటి ప్రశ్నకు మూడు చీటీలు పంపాం. రెండోదానికి మా దగ్గర కాగితం లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ప్రభుత్వం మా బియ్యాన్ని ఆపలేదు, సుంకం వేసింది. మేడమ్ ఆ రోజే చెప్పారు, ఈ డెబ్భై రెండు గంటల మీద ఆశ పెట్టుకోకు అని.

అక్టోబరు రెండో వారానికి రాతలన్నీ ముగిశాయి. అవార్డు సుమారు నెలలో వస్తుందన్నారు. ఈ నెల అన్నిటికన్నా కష్టమైన నెల. చేయడానికి ఏమీ ఉండదు. లండన్ టైముకు మనకు నాలుగున్నర, ఐదున్నర గంటల తేడా. అందుకని వాళ్ళ ఈమెయిళ్ళు మన మధ్యాహ్నం దాటాకే వస్తాయి. సాయంత్రాలు ఫోను పక్కన పెట్టి భోజనం చేయడం చాతకాలేదు.

నవంబరు 14, మంగళవారం వచ్చింది. బాగా గుర్తుంది, దీపావళి అయిన రెండో రోజు.

కెరటం వాతావరణమే అన్నారు. గాలి వల్ల లేచింది, రేవులో మామూలుగా జరిగే లోడింగ్‌ను ఆపింది, రేవు లాగ్ పుస్తకమూ బార్జీ పుస్తకమూ ఒకదానికొకటి సరిపోయాయి, ఓడ స్టేట్‌మెంట్ మీదే అప్పటికప్పుడు అభ్యంతరం రాసి ఉంది. 13, 14 తేదీల ముప్ఫై గంటలు మాకిచ్చారు. క్రేను పన్నెండు గంటలూ ఇచ్చారు. సుంకం రోజులు ఇవ్వలేదు. రైడర్ క్లాజులో ఉన్నది ప్రభుత్వ ఉత్తర్వు వల్ల లోడింగ్ ఆగిపోతే అని. సుంకం లోడింగును అడ్డుకోలేదు, ఖర్చు పెంచింది అంతే, ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య వ్యవహారం అన్నారు. చదివి బాధ కలిగింది కానీ, న్యాయం కాదని మాత్రం అనలేను.

అక్కడితో అయిపోలేదు, ఇంకో దెబ్బ ఉంది. కొత్త లెక్కలో లేటైమ్ సెప్టెంబరు 16 సాయంత్రం ఏడింటికి అయిపోయింది. 18న వచ్చిన కెరటం అప్పటికే డెమరేజ్‌లో పడింది. ఒకసారి డెమరేజ్ మొదలైతే వానా గాలీ ఇక లెక్కలోకి రావు, ఇది ఈ రంగంలో పాత సూత్రం. సుంకం రోజులు మావైతే 18 కూడా మాదయ్యేది. అవి పోవడంతో ఆ పద్నాలుగు గంటలూ పోయాయి. 16 సాయంత్రం ఏడు నుంచి 21 సాయంత్రం ఏడు దాకా సరిగ్గా ఐదు రోజులు. 70,000 డాలర్లు.

ఇక డబ్బు సంగతి, అందరూ అడిగేది ఇదే. 70,000 మీద ఏడాదికి 5 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ. ఆర్బిట్రేటర్లు చక్రవడ్డీ వేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు, అది దాదాపు నాలుగు వేల డాలర్లు. ఆర్బిట్రేటర్ ఫీజు, అవతలివాళ్ళ లాయరు ఖర్చులో ఇప్పించదగిన భాగం, ఈ పద్ధతిలో దానికి పైపరిమితి ఉంటుంది, రెండూ కలిపి మా నెత్తిన పడింది పది లక్షల చిల్లర. ఆగస్టులో మేము 60,000 ఆఫర్ ఒకటి పెట్టాం, ఖర్చుల విషయం వచ్చేదాకా ఆర్బిట్రేటర్‌కు చూపించకూడని షరతుతో. రెండు లెక్కల నడిమికి కాస్త పైన అది. అవార్డు దానికన్నా తక్కువొస్తే ఆ తేదీ తర్వాతి ఖర్చులు వాళ్ళు భరించేవారు. ఎక్కువొచ్చింది కాబట్టి మేమే భరించాం. మా మేడమ్ ఫీజు, అనువాదాలు, నకళ్ళు ఆరు లక్షలు. అవార్డు నాటికి డాలరు 83 దాటింది. అన్నీ కలిపితే డెబ్భై ఎనిమిది లక్షలు.

మొదటి బిల్లు వచ్చిన రోజే కట్టేసి ఉంటే డెబ్భై ఆరు, డెబ్భై ఏడు. మార్చిలో వాళ్ళ 85,000 ఒప్పుకుని ఉంటే డెబ్భై లక్షలు. ఈ లెక్క దాచిపెట్టి "మేము గెలిచాం" అని చెప్పడం నాకిష్టం లేదు. ఇంత చిన్న మొత్తాల్లో మీకు తగ్గే డాలర్లను ఖర్చులు తినేస్తాయి. ఆ 85,000కు ఒప్పుకునే బదులు పోరాడటం సరైన పనేనని నేను ఇప్పటికీ అంటాను. రేపు వచ్చే ఓడకూ కాకినాడ కెరటం ఉంటుంది, ప్రతిసారీ అది మా ఖాతాలోనే వేస్తే ఈ వ్యాపారం చేయలేం. అంత మాట అనుకునే స్తోమత మాకు ఆ సంవత్సరం ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి నాన్నగారు ఒక జవాబు చెప్తారు, అమ్మ ఇంకో జవాబు చెప్తుంది.

అప్పీలు గురించి అడిగాను. స్మాల్ క్లెయిమ్స్‌లో అప్పీలు హక్కు వదులుకున్నట్టే. ఇద్దరికీ అంతే. నిజానికి అది విని తేలికపడ్డాను.

డబ్బు పంపడం కూడా ఒక దశేనని ఎవరూ చెప్పరు. బ్యాంకుకు అవార్డు పీడీఎఫ్ ఇస్తే ఒరిజినల్ కావాలన్నారు. ఎలక్ట్రానిక్ సంతకంతో వచ్చిన అవార్డుకు వేరే ఒరిజినల్ ఉండదని మేడమ్ లెటర్ రాసిచ్చారు. తర్వాత విదేశానికి డబ్బు పంపడానికి అప్పట్లో అడిగిన కాగితాలు: బ్యాంకుకు ఏ2 ఫారం, పన్ను కోసం చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన 15సీబీ, మేము వేసిన 15సీఏ. విదేశీ ఓడ యజమానికి కట్టే డెమరేజ్ మీద పన్ను ఏ సెక్షన్ కిందకు వస్తుందో ఆడిటర్ గారు నిర్ధారించుకోవడానికే వారం పట్టింది. ఈలోగా వడ్డీ రోజూ పెరుగుతూనే ఉంటుంది. అవార్డు వచ్చిన రోజే మీ ఆడిటర్‌కు ఫోన్ చేయండి. మాది డిసెంబరు 8న వెళ్ళింది, 11న అవతలివాళ్ళు అందిందని రాశారు.

2024 ఫిబ్రవరిలో ఉప్పుడు బియ్యానికి మళ్ళీ ఒక ఓడ మాట్లాడాం, టోగోలోని లోమేకు. రైడర్‌లో రెండు వాక్యాలు కొత్తగా పెట్టించాం. గాలి వల్ల గానీ కెరటం వల్ల గానీ బార్జీలు నడవని సమయం లేటైమ్‌లోకి రాదు, రేవు లాగ్ పుస్తకమే రుజువు. ప్రభుత్వం కొత్తగా ఏ సుంకం విధించినా, దాని వల్ల లోడింగ్ ఆగిన మొదటి నలభై ఎనిమిది గంటలు లేటైమ్‌లో సగమే లెక్క. మొదటిది ఓడవాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి నాలుగు రోజులు బేరమాడి, నలభై ఎనిమిదికి కాదు, ఇరవై నాలుగు గంటలకే ఒప్పుకున్నారు. బార్జీలన్నిటికీ అచ్చు వేయించిన ట్రిప్పు పుస్తకాలిచ్చాం, ప్రతి సాయంత్రం స్టీవ్‌డోర్ సూపర్‌వైజర్ సంతకంతో. సరంగు బాబాయ్ మాత్రం అచ్చు పుస్తకంతో పాటు తన పెన్సిలు పుస్తకం కూడా రాస్తున్నాడు.